కడిగితే కొత్తదే

బుకోమన్సింబి, మహిళా కాఫీ సంఘం
జూలై మొదటి వారం

మాటియా,

బండిని చంపింది నువ్వే. అల్లుడివి కదా అని ముందు కుశలం అడిగి, వానల సంగతి రాసి, ఆఖర్న మెల్లగా చురక పెట్టడం నాకు చేతకాదు. మా సంఘం ఆడవాళ్లు వేళ్లు నల్లబడేలా కాఫీ పళ్లు కోసి, ఎండబెట్టి, అమ్మి, ఆ డబ్బుతో కొన్న, జనాన్ని ఎక్కించుకుని కిరాయికి తిప్పే బోడా మోటారుసైకిలు అది. నమ్మి నీ చేతికిచ్చారు. అది నిన్న మసాకా నుంచి కాఫీ లారీలో, కాళ్లు కట్టేసిన మేకలా వచ్చి మా గోదాము ముందు దిగింది. మెకానిక్ ఇంజన్ విప్పి ఒక్కటే మాటన్నాడు: "దుమ్ము తాగింది."

ఎలా తాగుతుంది? దుమ్ము తాగకూడదనే కదా ఫిల్టరు పెట్టేది! అదీ ఏ ఫిల్టరు? కాగితం ఫిల్టర్లు అరడజను వచ్చే డబ్బు పెట్టి, సంఘంలో అందరితో గొంతు చించుకుని పోట్లాడి నేను కొనిపించిన నూలుగుడ్డ ఫిల్టరు. బండి ఉన్నన్నాళ్లూ కడుక్కుని వాడుకునేది. ఆ రోజు నేనేమన్నానో మా అమ్మాయి గొరెట్టి నీకు చెప్పే ఉంటుంది. ఈ కాగితం ఫిల్టర్లు ఎవరి లాభానికమ్మా అని అడిగాను. కొను, పారెయ్, మళ్లీ కొను. కాఫీ పండించేది మనం, దాన్ని పొడి చేసి డబ్బాలో పెట్టి మనకే అమ్మేది వాళ్లు. చివరికి మన బండి పీల్చే గాలికి కూడా ప్రతి సీజనుకీ వాళ్లకే కప్పం కట్టాలా? ఒక్కసారి ఎక్కువ పెట్టి కొంటే ఆ ముక్కుతాడు తెగుతుందన్నాను. "కడిగితే కొత్తదే" అని బోర్డు మీద రాయించాను.

ఇప్పుడు ఆ బోర్డు కింద నిలబడి మా కోశాధికారి నాలొంగో నవ్వుతోంది. "టీచరమ్మా, నీ ఫిల్టరు కొత్తదే తల్లీ, బండే ముసలిదైపోయింది!"

నువ్వు కడిగి ఉండవు. లేదా తడి ఆరకుండా తగిలించి ఉంటావు. ఏదో ఒకటి ఒప్పుకో. వచ్చే నెల సభలో బాగుచేసిన బండి మళ్లీ నీకివ్వాలా, ఇంకొకరికివ్వాలా అన్నది తేలుస్తారు. అది చెయ్యి జారితే నా కూతురి పొయ్యి మీద ఏముంటుందో నీకే తెలుసు.

ఎదురుపడి అడిగేదాన్ని. అత్తా అల్లుడూ మొహాలు చూసుకున్నా, ఒకరు కూర్చునేది ఇంకొకరు ముట్టుకున్నా ఒబుకో పట్టుకుంటుంది, చేతులు ఒణికి ఒణికి చస్తారు అనే చాదస్తం మీ ఇంటిది, నాది కాదు. ఫోనులో గొంతు విన్నా తప్పేనంది మీ అమ్మ. బళ్లో పిల్లలకి అది అబద్ధమని పాఠం చెప్పి చెప్పి రిటైరైనదాన్ని నేను. అయినా మీ పద్ధతి మీది. కాగితం మీదే సమాధానం చెప్పు. కాఫీ లారీ డ్రైవరు చేతికివ్వు.

పెరెపెట్వా నంబలిర్వా


న్యెండో స్టేజి, మసాకా
జూలై

అత్తగారికి మోకాళ్ల మీద నమస్కారాలు.

తప్పు నాదే. బండి నా చేతిలోనే చచ్చింది. మీరు ఎంత తిట్టినా తక్కువే.

గొరెట్టి, పాప కులాసా. నేను రోజూ బోడాలు ఆగే స్టేజికి వెళ్తూనే ఉన్నాను. బండి లేకపోయినా ఇంట్లో కూర్చోవడం చేతకావడం లేదు. కుర్రాళ్లు నాకు "మాజీ" అని పేరు పెట్టారు. "మాజీ, కాస్త జరుగు, కస్టమరొస్తోంది." "మాజీ గారూ, తమరి కాళ్లకి ఫిల్టరు ఉందా, దుమ్ములో నడుస్తున్నారు?" నేనూ నవ్వుతున్నాను. నవ్వకపోతే ఇంకా ఎక్కువంటారు.

ఫిల్టరు గురించి అడిగారు కాబట్టి రెండు మాటలు. ఎదురు చెప్తున్నానని అనుకోకండి.

దాని డబ్బా మీద ఫొటోలో రోడ్డు చూశారా మీరు? నల్లగా, కడిగిన పలకలా ఉంటుంది. మన ఎర్రమట్టి రోడ్డు మీద ఒక లారీ వెనకాల పడితే ఇంటికొచ్చాక నా కనుబొమల్లో బీన్స్ నాటొచ్చు. ఆ ఫొటోలో రోడ్డు మీద ఏడాదికోసారి కడగమన్న వస్తువుని ఇక్కడ రెండు వారాలకే కడగాలి. కడిగాక నీడలో ఆరాలి. అది ఆరేదాకా బండి కదలదు. బండి కదలని రోజు మాకు సంపాదన లేదు. ఆరాక దానికి ప్రత్యేకం నూనె రాయాలి. ఎందుకంటే దుమ్ముని పట్టేది ఆ నూనె జిగురు, ఉత్త గుడ్డ పట్టలేదు. ఆ నూనె కంపాలాలో ఒక్క కొట్లోనే దొరుకుతుంది. మసాకాలో అడిగితే "వంటకా, తలకా?" అని నవ్వారు.

"జీవితాంతం పనిచేస్తుంది" అని డబ్బా మీద ఉంది. ఎవరి జీవితాంతమో రాయలేదు.

నల్లరోడ్డు మీద తిరిగేవాడికి, ఇంట్లో రెండో ఫిల్టరూ నూనె డబ్బా ఉన్నవాడికి అది లాభమే, కాదనను. మాకు కాగితందే నయం. పాడైంది పారేసి, కొత్తది తగిలించి, టీ తాగేలోపు రోడ్డెక్కుతాం.

ఇవన్నీ సభలో చెప్పకండి. మీ బోర్డుకి మచ్చ వస్తుంది. అల్లుడు కడగలేదు అనే చెప్పండి.

మీ అల్లుడు
మాటియా సెబ్యాలా


బుకోమన్సింబి
జూలై ఆఖరు

అల్లుడికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి మడిచాను, మళ్లీ విప్పాను. మొదటి వాక్యంలోనే "తప్పు నాదే" అనేవాణ్ణి నేను బళ్లో ఎప్పుడూ నమ్మలేదు. పక్కవాడి తప్పు మోస్తున్నవాడే అంత తొందరగా చెయ్యెత్తుతాడు. కడిగావా లేదా అన్నది అడిగితే నీళ్లు నమిలావు. ఫిల్టరు డబ్బా ఆఖరుసారి ఎప్పుడు తెరిచావు? తెరిస్తే లోపల ఏమైనా కనపడిందా? ఊరికే అడుగుతున్నాను.

నూనె సంగతిలో నీతో ఏకీభవిస్తున్నాను. వస్తువు మనకి అమ్మి, దానికి ప్రాణం పోసే నూనెని మాత్రం ఒకే ఒక్క కొట్లో పెట్టి తాళం వేసుకుంటే అది వ్యాపారమా, దారిదోపిడీనా? దీని మీద నేను రేడియోలో మాట్లాడతాను. కానీ బీదవాడికి కాగితమే నయం అన్నావు చూడు, ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. చౌక వస్తువులు పదేపదే కొనే కదా మనవాళ్లు తరతరాలుగా చితికిపోయింది! మంచి వస్తువు నీ చేతికొస్తే నిలబెట్టుకోవాలిగానీ, మాకు చెత్తే చాలండీ అని దణ్ణం పెడతావా?

సంగతి ఇది. సంఘం బళ్లన్నిటికీ ఆ ఫిల్టర్లే కొనాలన్న నా తీర్మానం ఈ సభలోనే ఓటుకొస్తుంది. నీ బండి చావుతో అది ఊగిసలాడుతోంది. నాలొంగో తన తమ్ముడి కొడుక్కి బండి ఇవ్వాలని చూస్తోంది. అందుకే ఒక కాగితం తయారుచేశాం: "నా నిర్లక్ష్యం వల్లనే ఇంజన్ పాడైంది, ఫిల్టరులో లోపం లేదు" అని. సంతకం పెట్టి పంపు. అప్పుడిది ఒక్క మనిషి పొరపాటు అవుతుంది. తీర్మానం నిలుస్తుంది. బండి పోయినా గోదాములో బస్తాలెత్తే పని నీకు నేనిప్పిస్తాను.

పెద్ద పనికోసం చిన్న అవమానం ఓర్చుకోవాలి నాయనా. నేనెన్ని ఓర్చుకున్నాను!

పెరెపెట్వా


న్యెండో స్టేజి
ఆగస్టు

అత్తగారికి నమస్కారాలు.

కాగితం అందింది. సంతకం పెట్టలేకపోతున్నాను.

తప్పు నాదే అని మీకు రాయగలిగాను. అది మీకూ నాకూ మధ్య మాట. ఇది గోదాము గోడకి అంటిస్తారని లారీ డ్రైవరు చెప్పాడు. నా ఊళ్లో ఇంకెవరూ నాకు బండి ఇవ్వరు. నిర్లక్ష్యం అన్న మాట ఒకసారి స్టేజికి చేరితే అద్దెకిచ్చేవాళ్లు కూడా తాళంచెవి వెనక్కి లాక్కుంటారు. బస్తాలెత్తడం నామోషీ అని కాదు. నాకొచ్చిన పని ఇదొక్కటే.

మీరు ఊరికే అడిగిన దానికి సమాధానం: డబ్బా తెరిచాను. లోపల కనపడింది. ఏం కనపడిందో రాయను. అల్లుడు అత్తగారికి రాసే విషయం కాదది.

మాటియా

అమ్మా, కింద ఇది నేను గొరెట్టిని. ఈయన ఉత్తరం మడిచి ఇచ్చాడు, నేను విప్పాను. ఏం చెయ్యను, ఇంట్లో మనిషి నోరు విప్పడే! మేం మీ ఇంటి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. ఎర్రటి ఎండలో బండి సీటు మీద దుప్పటి పరుచుకుని నడిపాడు. "ఏంటయ్యా, సీటు మీద పేను పడిందా?" అంటే "నీకెందుకు" అన్నాడు. రాత్రి అన్నం ముందు చేతులు చాపి వేళ్లకేసి చూసుకునేవాడు. నీకేమైనా తెలుసా? తెలిస్తే చెప్పు. మీ ఇద్దరి మర్యాదల మధ్య నేనూ పిల్లా ఎండిపోతున్నాం.


బుకోమన్సింబి
ఆగస్టు

మాటియా సెబ్యాలాకి,

రాయలేనిది ఏముంటుంది? పాముందా లోపల? నేరం చేసినవాడు "చెప్పను" అంటే నిజాయితీ అయిపోతుందా? ఉత్తరంలో అత్తగారూ అత్తగారూ అంటూ అడుగడుగునా వంగుతావు, పని దగ్గరకొచ్చేసరికి మొండికేస్తావు. ఇలాంటి వినయమే ఈ దేశాన్ని ముంచింది.

సభ శనివారం. సంతకం లేకపోయినా ఆ కాగితం చదువుతాను. అల్లుడని వెనకేసుకొచ్చానని ఎవరూ నన్ననకూడదు. ఫిల్టరు మీద మాట పడనివ్వను.

పెరెపెట్వా నంబలిర్వా
అధ్యక్షురాలు


న్యెండో
గురువారం

అత్తగారూ,

నెయ్యి కనపడింది.

శనివారం మీరు చదవబోయే కాగితం పక్కన ఇది కూడా పెట్టుకోండి.

జూన్ మొదట్లో క్రైస్తవ అమరవీరుల పండక్కి నేను మసాకా యాత్రికులతో కలిసి నముగొంగో చర్చికి కాలినడకన వెళ్లాను. గొరెట్టినీ పాపనీ మీ దగ్గర దింపి, బండి మీ వాకిట్లో మామిడిచెట్టు కింద వదిలాను. తిరిగొచ్చి గేటు బయటే నిలబడితే గొరెట్టి తోసుకొచ్చి ఇచ్చింది. వారం తిరక్కుండానే బండి దగ్గడం మొదలెట్టింది. సీటెత్తి ఫిల్టరు డబ్బా తెరిచాను. ఎర్రచీమలు. పుట్ట పగిలినట్టు. ఫిల్టరు తెల్లగా ఉంది, బట్టల సబ్బుతో బండకేసి ఉతికినట్టు ఒకవైపు గుడ్డ పీచులు లేచి ఉంది. దానికి నెయ్యి పట్టించి ఉంది. ఇంజన్ వేడికి ఆ నెయ్యి సగం కారిపోయి కార్బురేటర్లోకి దిగింది.

అది ఎవరింటి నెయ్యో నేను అడగక్కర్లేదు. ప్రతి క్రిస్మసుకీ మీరు పంపే సీసాలోది. కుండకి పొగ పట్టించి తీసే నెయ్యి, ఆ వాసన మసాకాలో దొరకదు.

సీటు కింద అరటాకు పీలికలున్నాయి, రెండు వైపులా, సరిగ్గా చేతులు పెట్టే చోట.

ముందు నవ్వొచ్చింది. మా అత్తగారు మరీ అరటాకు పట్టుకుని ఎత్తారా అని. తర్వాత నవ్వు పోయింది. అరటాకు అడ్డమున్నా, నేను కూర్చునే సీటు అత్తగారు ముట్టుకున్నట్టే. నేను మీలా చదువుకున్నవాణ్ణి కాను. దాని మీద ఎలా కూర్చోను? దుప్పటి వేసుకున్నాను. చేతులు ఒణుకుతున్నాయేమో అని రోజూ చూసుకున్నాను. పెళ్లానికి చెప్పాలన్నా నోరు రాలేదు. మీ అమ్మ నా సీటెత్తింది అని ఎలా అనను?

ఫిల్టరుని పెట్రోల్లో కడిగాను. నెయ్యి పోయింది. రాయడానికి నూనె లేదు. కాగితం ఫిల్టరు పెట్టుకోనా అని గొరెట్టి చేత మీకు ఫోను చేయించాను. "సంఘం బండికి చెత్త తగిలించడానికి వీల్లేదు" అని మీరన్నారు. ఆ ఉత్త గుడ్డతోనే నడిపాను. పొగ రంగు మారుతోందని తెలుసు, అయినా ఆపలేదు. అక్కడ తప్పు నాదే, మీకు రాసింది అబద్ధం కాదు. బండి ఆపి "ఇదీ సంగతి" అని అరిచి ఉంటే ఇంజన్ బతికేది. మీ పరువు కాపాడుతున్నాననుకున్నాను. ఉత్త పిరికితనం.

కానీ "నిర్లక్ష్యం" అన్న మాట కింద నా పేరు రాయను. మీరు చదివితే చదవండి. చదివేటప్పుడు మీ చేతులు మీరే చూసుకోండి.

మాటియా


బుకోమన్సింబి
సెప్టెంబరు

నాయనా మాటియా,

సభ అయింది. నువ్వు లారీ డ్రైవరు నోట సగం వినే ఉంటావు. మిగతా సగం నేనే రాయాలి, లేకపోతే ఊరు దానికి తోకలు తగిలిస్తుంది.

ఎందుకు చేశానో ముందు. ఆ వారం సంఘం వాళ్లు మా ఇంటికి రావాల్సి ఉంది. నీ ఫిల్టరు వాళ్ల ముందు తెల్లగా పెట్టి, చూశారా కడిగితే కొత్తదే అని చూపిద్దామనుకున్నాను. నూనె లేదు. ఆ కంపాలా కొట్టువాడికి కప్పం కట్టేదేమిటి, జిగురే కదా కావాల్సింది, మా ఆవు నెయ్యికేం తక్కువ అనుకున్నాను. ఎవర్నీ అడగలేదు. నేను అడిగే మనిషిని కాదు, చెప్పే మనిషిని.

సభలో లేచి నిలబడ్డాను. నిజం చెప్పాలి కదా, అప్పుడు కూడా మొదటి పది నిమిషాలూ దిగుమతి వ్యాపారుల మీదే మాట్లాడాను. బాగా మాట్లాడాను. చప్పట్లు కూడా కొట్టారు. ఆ చప్పట్ల మధ్య నాకు నా మీదే రోత పుట్టింది. ఆపేసి చెప్పాను: "మాటియా కడగలేదన్నది అబద్ధం. కడిగింది నేను. నెయ్యి రాసింది నేను. కాగితం ఫిల్టరు పెట్టుకుంటానంటే వద్దన్నదీ నేను."

గోదాములో వెనక నుంచి ఎవరో, "నెయ్యా? టీచరమ్మా, ఉప్పేశావా?" అంది. ఇక ఒకటే నవ్వులు. ఆ నవ్వు నేను తట్టుకున్నాను. అప్పుడు నాలొంగో లేచింది. "ఫిల్టరు ఉండేది సీటు కింద కదే! అంటే అల్లుడు కూర్చునే సీటు ఎత్తావా?"

నవ్వులు ఆగిపోయాయి. నా పక్కన కూర్చున్నామె తన కుర్చీ కొంచెం అవతలికి జరుపుకుంది.

చూడు నాయనా, ఇంజన్ చంపానని నన్ను ఒక్కరూ తిట్టలేదు. నీ మీద అబద్ధం మోపానని ఒక్కరూ అడగలేదు. సీటు ముట్టుకున్నావా అన్నదే అందరి ప్రశ్న. ఆ క్షణంలో నేనేం చెప్పాలి? ముట్టుకుంటే ఏమవుతుందే, ఒబుకో లేదు గాడిదగుడ్డూ లేదు అనాలి. బళ్లో లెక్కలేనన్ని సార్లు చెప్పిన మాటే అది. నా నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది: "ముట్టుకోలేదమ్మా, దేవుడి తోడు! అరటాకుతో పట్టుకున్నాను!"

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. "అదీ, అలా చెప్పు," అన్నారు. నన్ను క్షమించేశారు. నా జీవితంలో అంత సిగ్గుపడింది లేదు. చాదస్తం మీ ఇంటిదని నీకు రాశాను. నువ్వు నమ్మి, దాచకుండా దుప్పటి వేసుకున్నావు. నేను నమ్మనని ఊరంతా చాటి, ఎవరూ చూడకుండా అరటాకు కోసుకున్నాను. నిన్ను నిలదీసేటప్పుడు కూడా ఆ ఎదురుపడకూడదన్న వరసనే అడ్డం పెట్టుకున్నాను. నువ్వు నోరు విప్పలేవని నాకు తెలుసు. ఆ ధైర్యంతోనే మొదటి ఉత్తరం రాశాను. నువ్వెదురుగా ఉంటే ఆ మొదటి వాక్యం నా నోట వచ్చేది కాదు.

నా తీర్మానం ఓడిపోయింది. ఓడిపోవాల్సిందే. బండి సంగతి మాత్రం ఇంకా తేలలేదు. నాలొంగో పట్టు వదల్లేదు, వచ్చే శనివారానికి వాయిదా వేయించింది. నేను అధ్యక్షురాలిగా దిగిపోయాను. ఇప్పుడు మామూలు సభ్యురాలిగా సంఘం ముందు ఈ డిమాండ్లు పెడుతున్నాను. ఆఖరుది నీకు.

ఒకటి. బాగుచేసిన బండి మాటియా సెబ్యాలా చేతికే ఇవ్వాలి.

రెండు. ఇంజన్ ఖర్చు నా కాఫీ మీద పట్టుకోవాలి, అతని సంపాదన మీద కాదు.

మూడు. "నిర్లక్ష్యం" అన్న కాగితం న్యెండో స్టేజిలో, కుర్రాళ్లందరి ముందు, నేనే చింపాలి.

నాలుగు. సంఘం కొట్లో అసలైన నూనె, ప్రతి బండికీ మార్చుకోవడానికి రెండో ఫిల్టరు వచ్చేదాకా కడిగే ఫిల్టరు ఏ బండికీ తగిలించకూడదు. అప్పటిదాకా కాగితందే వాడాలి.

ఐదు. ఏది వాడాలో బండి నడిపేవాళ్లే తేల్చాలి.

ఆరు. మాటియా, దీనికి జవాబు రాయకు. ఆదివారం పూజ అయ్యాక గేటు దాటి వాకిట్లోకి రా. నా ఎదురుగా నిలబడి, నా మొహంలోకి చూసి, నోరారా తిట్టు.

పెరెపెట్వా